బాపట్ల బి

త్రిపుర ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి ఒక మంగళవారం ఉదయం తనంతట తనే మంగళగిరిలోని ఆమె ప్రయోగశాలకు వచ్చాడు. చెప్పులు బయట విడవాలా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. అక్కర్లేదంది. కుర్చీలో కూర్చున్నాక ఆమె అందించిన అంగీకార పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా, ఒక్కో వాక్యం కింద వేలు జరుపుకుంటూ చదివాడు. ఆ రోజు కూడా ఇలాగే చదివుంటే నా కూతురు బతికుండేది కదా అనుకుంది త్రిపుర. పైకి మాత్రం మంచినీళ్లు కావాలా అని అడిగింది.

అతని పేరు కెప్టెన్ కలిదిండి నరసింహరాజు. కోరంగి ఎయిర్‌వేస్‌లో ఇరవై ఆరేళ్లు విమానాలు నడిపిన మనిషి. ఆరేళ్ల కిందట, ఆషాఢ మాసపు మధ్యాహ్నం, కొండవీడు విమానాశ్రయంలో నూట అరవై నాలుగు మందితో బయలుదేరాడు. ఆ విమానాశ్రయంలో పక్కపక్కనే రెండు రన్‌వేలున్నాయి. మామూలు రోజుల్లో కుడి రన్‌వే మీంచి విమానాలు లేస్తాయి, ఎడమ దాని మీద దిగుతాయి. లేచే విమానాలకు ఇచ్చే దారి పేరు 'బాపట్ల ఏ'. గాల్లోకి లేచాక ఎడమకు తిరిగి, పక్క రన్‌వే మీదుగా సముద్రం వైపు వెళ్లే దారి అది. ఆ రోజు మబ్బుల వల్ల విమానాలు పేరుకుపోయి, రెండు రన్‌వేల మీంచీ లేపుతున్నారు. అందుకని రాజు విమానానికి దారి మార్చి 'బాపట్ల బి' ఇచ్చారు. ఇది కుడికి తిరుగుతుంది. ఆ అనుమతి కాక్‌పిట్ తెర మీదికి అక్షరాల్లో వచ్చింది. రాజు చూశాడు, అంగీకరించానని మీట నొక్కాడు. బరువుల లెక్క చూసుకుంటున్న సహ పైలట్ తలెత్తకుండానే "ఏ నేనా సార్?" అని అడిగితే "ఏ నే" అన్నాడు. లేచాడు. ఎడమకు తిరిగాడు.

టవర్‌లోని కంట్రోలర్ చూసి అరిచేసరికి ఆలస్యమైపోయింది. ఎడమ రన్‌వే మీంచి లేచి మబ్బులోకి వెళ్లిన పందొమ్మిది సీట్ల చిన్న విమానం తోకకు రాజు విమానం రెక్క తగిలింది. చిన్న విమానం నాదెండ్ల దగ్గర దుక్కి దున్నిన చేలో పడిపోయింది. అందులోని పందొమ్మిది మందిలో ఎవరూ మిగల్లేదు. సహ పైలట్ సీట్లో ఉన్న పిల్ల మైథిలి. ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. త్రిపురకు ఒక్కతే కూతురు.

రాజు మాత్రం చిరిగిన రెక్కతో చుట్టు తిరిగొచ్చి విమానాన్ని భద్రంగా దించాడు. మర్నాడు పేపర్లలో అతని ఫొటో వేసి నూట అరవై నాలుగు ప్రాణాలు కాపాడిన వీరుడని రాశారు. ఎవరో పూలదండ కూడా వేశారు. ఆ దండ ఫొటోను త్రిపుర కత్తిరించి తన టేబుల్ సొరుగులో దాచుకుంది.

ఏడాది తర్వాత విచారణ నివేదిక వచ్చింది. తెర మీద 'ఏ' అనే ఉందని రాజు చెప్పాడు. కాదు, 'బి' ఉందని రికార్డు చెప్పింది. నివేదిక దాన్ని మానవ సహజమైన పొరపాటంది. అతని లైసెన్సు ఒక ఏడాది ఆపి, ఆ తర్వాత కుర్ర పైలట్లకు పాఠాలు చెప్పుకోనిచ్చింది. నూట పన్నెండో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది. చిన్న విమానపు సహ పైలట్ పరిసరాలను తగినంతగా గమనించి ఉంటే ప్రమాద తీవ్రత తగ్గేదని. మబ్బులో, వెనక నుంచి వచ్చి తగిలిన రెక్కను ఆ పిల్ల ఎలా గమనించాలో ఆ వాక్యం రాసినవాళ్లు చెప్పలేదు. త్రిపుర భర్త విశ్వం గుంటూరులో కాలేజీ లెక్చరరు. ఆయన ఆ నివేదికను ఇంట్లోంచి తీసేసి ఎక్కడో పడేశాడు. త్రిపుర ఇంకో ప్రతి తెప్పించుకుంది.

ఆమె అప్పటికే మనిషి చదివేటప్పుడు కన్నూ మెదడూ ఏం చేస్తాయన్న దానిమీద పరిశోధన చేస్తున్న మనిషి. ఆ వాక్యం చదివిన రోజు నుంచి ఆమె పరిశోధనకు ఒకే ఒక్క గురి ఏర్పడింది. రాజు ఆ తెర మీద నిజంగా ఏం చూశాడో బయటికి లాగాలి. అందరి ముందూ పరవాలి. మూడున్నరేళ్లు కష్టపడి ఒక యంత్రం తయారు చేసింది. దానికి చూపుజాడ అని పేరు పెట్టింది.

దానిలో మొదట కూర్చున్నది ఆమె దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ జోసెఫ్ రత్నం. మూడేళ్ల కిందట కూతురి హాల్ టికెట్ మీద పరీక్షా కేంద్రం 'నల్లపాడు' అని ఉంటే 'నంబూరు' అని చదివి, పిల్లను అక్కడికి తీసుకెళ్లాడు. పిల్లకు ఏడాది పోయింది. త్రిపుర అతని తలకు తొడుగు బిగించి, అదే హాల్ టికెట్ చూపిస్తూ, ఆ ఉదయం వాళ్లింట్లో వినిపించే చప్పుళ్లు వినిపించింది. తెర మీద రెండు బొమ్మలు వచ్చాయి. ఎడమ పక్కది ఆనాడు అతని కన్ను చూసింది. నల్లపాడు. కుడి పక్కది అతని మనసు చదువుకున్నది. నంబూరు. వాళ్ల అత్తగారి ఊరు నంబూరే. వారం ముందే అక్కడికి వెళ్లొచ్చాడు. మనసు ముందుగానే మాట తయారు చేసి పెట్టుకుంటుంది, కన్ను పోయి సరిచూసి వస్తుంది. తొందరలో ఆ సరిచూసే పని జరగకపోతే తయారు చేసుకున్న మాటే మిగిలిపోతుంది.

రత్నం ఆ రెండు బొమ్మల వంకా చాలాసేపు చూసి, "కన్ను చూసింది మేడం. నేనే చదవలేదు," అన్నాడు.

అతను యంత్రంలో ఉన్నది రెండు నిమిషాలు. ఆ తర్వాత మూడు రోజుల పాటు ఏ కాగితం పట్టుకున్నా అతనికి నల్లపాడు అనే కనిపించింది. పాల ప్యాకెట్ మీద, బైబిల్లో, బస్సు బోర్డు మీద. ఇంకోసారి పొరపాటున ఆరు నిమిషాలు కూర్చున్న ఒక విద్యార్థిని రెండు నెలలు చదవలేక చదువే మానుకుంది. అప్పుడు నిపుణుల సంఘం వచ్చి, నాలుగు నిమిషాలు దాటితే యంత్రం దానంతటదే ఆగిపోయేలా తాళం పెట్టించింది. నలభై నిమిషాలు కూర్చోబెడితే ఆ అక్షరాలు మనిషి కళ్ల ముందు నుంచి ఇక ఎన్నటికీ పోవని త్రిపుర లెక్క కట్టింది. ఆ లెక్క ఎవరికీ చూపించలేదు.

పొరపాట్లు చేసిన పైలట్లు తమంతట తాము వచ్చి పరీక్ష చేయించుకోవచ్చని ప్రకటన ఇచ్చారు. ఏడాదిలో పదకొండు మంది వచ్చారు. వాళ్లను రత్నమే చూసుకున్నాడు. త్రిపుర వాళ్ల ఫలితాలు తెరిచి కూడా చూడలేదు. ఆమెకు కావలసింది పన్నెండో మనిషి.

ఆ మంగళవారం రత్నానికి ఏదో పని చెప్పి విజయవాడ పంపించేసింది. యంత్రం తాళం ముందే తీసి ఉంచింది.

"నేను అబద్ధమాడలేదు మేడం," అన్నాడు రాజు తొడుగు బిగిస్తుంటే. "ఆ తెర మీద ఏ అనే ఉంది. అదే గనక అబద్ధమైతే నాక్కూడా తెలియాలి."

"తెలుస్తుంది," అంది త్రిపుర.

"నాలుగు నిమిషాలే కదండి?"

"నాలుగే. లోపల మీకు టైము తెలియదు."

ఆనాటి కాక్‌పిట్ రికార్డును ఆమె రెండేళ్లు తిరిగి సంపాదించింది. ఇంజన్ల హోరు, సహ పైలట్ గొంతు, వాన చినుకులు అద్దం మీద పడే చప్పుడు మొదలయ్యాయి. రాజు వేళ్లు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. మూడో నిమిషంలో బొమ్మలు వచ్చాయి.

ఆమె ఊహించుకున్నది ఒకటి. అతను తెర వంక చూడనే లేదనో, 'బి' అని చదివి కూడా బద్ధకించాడనో, ఆ తర్వాత ఉద్యోగం కోసం అబద్ధమాడాడనో తేలాలి. కనబడింది వేరు. తెర మీద అనుమతి ఒక పేజీ కాదు, రెండు పేజీలుంది. మొదటి పేజీలో ముందే అనుకున్న దారి 'బాపట్ల ఏ' అని పెద్ద అక్షరాల్లో ఉంది. దాని పక్కనే అంగీకరించే మీట ఉంది. మార్చిన దారి రెండో పేజీలో అడుగున సన్న అక్షరాల్లో ఉంది. రాజు రెండో పేజీకి వెళ్లాడు కూడా. అతని కన్ను సెకనులో ఐదో వంతు 'బాపట్ల బి' మీద నిలిచింది. మనసు మాత్రం అప్పటికే మొదటి పేజీని చదివేసుకుని కూర్చుంది. కుడి పక్క బొమ్మలో 'ఏ' స్పష్టంగా ఉంది. అతను విచారణలో చెప్పింది అక్షరాలా నమ్మి చెప్పాడు.

నాలుగో నిమిషం నిండింది. మీట త్రిపుర చేతి కింద ఉంది.

ఆమె ఆపలేదు.

పొరపాటు నిజమైనదే అయినంత మాత్రాన చేలో పడ్డ పిల్ల లేచి వస్తుందా? ఆరేళ్లు ఈ మనిషి పాఠాలు చెప్పుకుంటూ, భార్యతో కలిసి అన్నం తింటూ, పేపరు చదువుకుంటూ బతికాడు. దండ వేయించుకున్నాడు. ఐదో నిమిషం, పదో నిమిషం గడిచాయి. ఇరవయ్యో నిమిషంలో రాజు నుదుటి మీంచి చెమట తొడుగు కిందికి కారింది. త్రిపుర గోడ గడియారం వంక చూస్తూ, మైథిలి చిన్నప్పుడు ఒంట్లో జ్వరం చూసేటప్పుడు కూర్చున్నంత నిదానంగా కూర్చుంది. నలభయ్యో నిమిషంలో ఆపింది.

అతను కళ్లు తెరిచి, ఎదురుగా గోడ మీద ఉన్న నిప్పు జాగ్రత్తల బోర్డు వంక చూశాడు. మళ్లీ చూశాడు. సంతకం పెట్టడానికి ఇచ్చిన కాగితాన్ని చాలాసేపు పట్టుకుని, సంతకం ఎక్కడో మీరే వేలు పెట్టి చూపించండి అన్నాడు.

ఆ రోజు ఇంటికెళ్లి త్రిపుర గోంగూర పప్పు చేసింది. విశ్వం రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, "ఏమైంది ఇవాళ? పాట పాడుతున్నావు," అన్నాడు. తాను పాడుతున్నట్టు ఆమెకే తెలియదు. ఏమీ లేదంది. వారం తర్వాత రాజు భార్య కస్తూరి ప్రయోగశాలకు ఫోన్ చేసి, ఆయనకు అక్షరాలు కనబడటం లేదని, మందుల అట్ట మీద కూడా ఏదో ఊరి పేరు చదువుతున్నారని, ఇది ఎప్పుడు తగ్గుతుందని అడిగింది. కొంచెం ఓపిక పట్టండి అని చెప్పి త్రిపుర ఫోన్ పెట్టేసింది. సొరుగులోంచి దండ ఫొటో తీసి చింపేసింది. ఆ వారమంతా ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

పదో రోజున రత్నం ఆమె గదిలోకొచ్చి తలుపు వేశాడు. యంత్రం దాని కాలాన్ని అదే రాసుకుంటుందన్న సంగతి ఆమె మర్చిపోలేదు, లెక్కచేయలేదంతే. "నలభై నిమిషాలు మేడం," అన్నాడు రత్నం. "నేను రెండు నిమిషాలు కూర్చున్నాను. అదేమిటో నాకు తెలుసు."

త్రిపుర ముందున్న కాగితాలు సర్దుకుంది. అతను వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. పన్నెండు మంది పైలట్ల బొమ్మలు వరసగా ఆమె ముందు పెట్టాడు. అందరివీ ఒకే తెర, ఒకే రెండు పేజీలు, అందరి మనసూ మొదటి పేజీ దగ్గరే ఆగిపోవడం. వాళ్లలో ఏడుగురు సమయానికి కంట్రోలర్ పిలిచి అడగబట్టి బయటపడ్డారు. రాజు కాక మిగతా నలుగురు ఖాళీ ఆకాశం దొరకబట్టి బయటపడ్డారు. ఒక పైలట్ ఈ సంగతి గురించి మైథిలి పోవడానికి పద్నాలుగు నెలల ముందే కోరంగి ఎయిర్‌వేస్ భద్రతాధికారికి ఉత్తరం రాశాడు. ఆ అధికారి పేరు పరాంకుశం శ్రీధర్. పైలట్లు శ్రద్ధగా చదవాలి అని ఆ ఉత్తరం మీద రాసి పక్కన పెట్టేశాడు. ఆ ఉత్తరం నకలు ఆ పైలట్ రత్నానికి ఇచ్చి వెళ్లి ఏడాది కావస్తోంది. మేడం ఫలితాలు తెరిస్తే చూపించాలని రత్నం అప్పటి నుంచీ కాచుకుని ఉన్నాడు.

త్రిపుర నివేదిక తీసి అనుబంధం తిప్పింది. ఆ రోజు తెర మీద వచ్చింది ఇదేనంటూ విచారణ సంఘానికి కంపెనీ ఇచ్చిన అనుమతి పత్రం అందులో ఉంది. ఒకే పేజీ. 'బాపట్ల బి' నడిమధ్యన పెద్ద అక్షరాల్లో ఉంది. ఎంత గుడ్డివాడైనా చదవగలిగేలా అచ్చు వేసిన కాగితం. కింద ధ్రువీకరించిన సంతకం పరాంకుశానిది. నూట పన్నెండో పేజీలోని వాక్యానికి ఆధారమని చూపించిన వినతిపత్రం మీదా ఆయన సంతకమే ఉంది.

"ఆ తెర ఇప్పటికీ అలాగే ఉందా?" అని అడిగింది.

"అలాగే ఉంది మేడం. ఇంకో మూడు నెలల్లో మళ్లీ మబ్బులు పడతాయి. మళ్లీ రెండు రన్‌వేల మీంచీ లేపుతారు."

ఆమె నివేదిక మూసేసింది. ఆరేళ్లు మోసిన పగ ఎవరి మీద ఖర్చు చేసిందో అప్పుడు తెలిసింది. పరాంకుశం చేసింది బయటపెట్టాలంటే ఆ రోజు ఆ తెరను కళ్లతో చూసిన సాక్షి ఒక్కడే ఉన్నాడు. ఆ సాక్షిని తనే పాడు చేసి ఇంటికి పంపింది.

పందొమ్మిది కుటుంబాల తరఫున విచారణ మళ్లీ తెరవాలని అర్జీ పెట్టింది. అర్జీ అంగీకరించిన నాలుగో రోజున పరాంకుశం శ్రీధర్ స్వయంగా ప్రయోగశాలకు వచ్చాడు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. మైథిలి గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. ఆ తర్వాత, కస్తూరి గారు తమ ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చారని, యంత్రం నాలుగు నిమిషాలు దాటి నడిచినట్టు తనకు అనుమానంగా ఉందని చెప్పాడు.

"మీరు తెర సంగతి ఎత్తొద్దు. మేము నిమిషాల సంగతి ఎత్తం," అన్నాడు. "ఎత్తితే ముందు మునిగేది మీరే అమ్మా. బిడ్డను పోగొట్టుకున్నారు, జైలు కూడా ఎందుకు?"

త్రిపుర అతని ముఖాన్ని శ్రద్ధగా చూసింది. ఆరేళ్లు ఈ ముఖం కోసమే కదా నేను వెతకాల్సింది అనిపించింది. టీ తాగి వెళ్లమంది. అతను ఒప్పందం కుదిరిందనుకుని తాగి వెళ్లాడు.

మర్నాడు ఆమె భీమవరం బస్సెక్కింది. రాజు ఇల్లు జువ్వలపాలెం రోడ్డు పక్క సందులో ఉంది. కస్తూరి తలుపు తీసింది. లోపల వరండాలో రాజు కూర్చుని, కళ్లు మూసుకుని రేడియో వింటున్నాడు. ఇంట్లో క్యాలెండరు లేదు, పేపరు లేదు, డబ్బాల మీది కాగితాలన్నీ గీకేసి ఉన్నాయి. కళ్లు తెరిస్తే అవన్నీ ఒకటే మాట చెబుతున్నాయని కస్తూరి చెప్పింది. ఆఖరికి చీర అంచు మీది డిజైను కూడా అక్షరాల్లా కనబడుతోందంటే, సాదా చీరలు కట్టుకుంటోంది.

త్రిపుర తాను ఎవరో, ఏం చేసిందో, ఎన్ని నిమిషాలు చేసిందో, ఏం తెలిశాక చేసిందో చెప్పింది. ఇది తగ్గదని కూడా చెప్పింది. పరాంకుశం దాచిన తెర సంగతీ చెప్పి, విచారణకు వచ్చి సాక్ష్యం ఇవ్వమని అడిగింది. అడుగుతుంటే ఆమె గొంతు ఆమెకే సిగ్గుగా వినిపించింది.

కస్తూరి వెళ్లి రేడియో కట్టేసింది. "వస్తామండి," అంది. "ఆ పరాంకుశాన్ని వదలొద్దు. ఆయన దగ్గర ఈయన ఇరవై ఆరేళ్లు తలొంచుకుని పనిచేశారు. కానీ ఇప్పుడు నాకు చెప్పినదంతా అక్కడ కూడా చెప్పాలి మీరు. ఒక్క ముక్క తగ్గినా నేనే లేచి చెబుతాను."

విచారణ విజయవాడలో జరిగింది. సంఘానికి అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. పదకొండు మంది పైలట్లూ వచ్చారు. కంపెనీ లాయరు వాళ్ల బొమ్మలన్నీ వేర్వేరు రోజులవి, ప్రమాదానికి సంబంధం లేనివి అన్నాడు. ప్రమాదం నాటిది ఒక్క రాజుదే. ఆయన్ను నిలబెట్టి, చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమన్నాడు.

"బాపట్ల బి," అన్నాడు రాజు.

లాయరు ఇంకో కాగితం ఇచ్చాడు. అది పక్క వీధి హోటల్ వాళ్ల భోజనాల జాబితా. రాజు దాన్ని దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని, "బాపట్ల బి," అన్నాడు. వెనక ఎవరో నవ్వబోయి మానేశారు. ఈ మనిషి తలలో ఉన్నదంతా ఆ యంత్రం పెట్టిందేనని, అలాంటి తలలోంచి తీసిన బొమ్మను సాక్ష్యమనడం హాస్యాస్పదమని లాయరు అన్నాడు. పరాంకుశం వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

త్రిపుర లేచింది. మూడో వరసలో విశ్వం ఉన్నాడు. ముందు రోజు సాయంత్రమే అతనికి అంతా చెప్పింది. అతను ఆమె వేసుకోవాల్సిన బీపీ మాత్ర తెచ్చి చేతిలో పెట్టాడు.

"యంత్రం నిమిష నిమిషానికీ విడిగా రాసుకుంటుంది," అంది త్రిపుర. "మొదటి నాలుగు నిమిషాల రికార్డు వేరు. అందులో తెర రెండు పేజీలుగా ఉంది, వీళ్లు మీకిచ్చింది ఒక పేజీ. అప్పటికి కెప్టెన్ గారి మనసు చెక్కుచెదరలేదు. అది సాక్ష్యం. తర్వాతి ముప్పై ఆరు నిమిషాలు నా నేరం. దయచేసి ఈ రెండూ కలపకండి."

"తెలిసే చేశారా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"తెలిసే చేశాను. ఆయన అబద్ధమాడలేదని నాలుగో నిమిషంలోనే తెలిసింది. తెలిశాక కూడా చేశాను. ఇది చెప్పకపోతే ఆ నాలుగు నిమిషాలను మీరు నమ్మరు. అందుకని చెబుతున్నాను. రాసుకోండి."

పరాంకుశం ముందుకు వంగాడు. అతని ముఖంలో రంగు మారడం త్రిపుర చూసింది. ఎన్నేళ్ల జైలుకైనా సరిపోయే దృశ్యం అనిపించింది ఆమెకు ఆ క్షణాన.

అధ్యక్షురాలు రాజు వైపు తిరిగి, ఈవిడెవరో తెలియక మోసపోయారా అని అడిగింది.

"తెలుసండి," అన్నాడు రాజు. "మొదటి విచారణలో వెనక బెంచీలో కూర్చునేవారు. ఆ అమ్మాయి తల్లని తెలిసే వెళ్లాను. ఆవిడ అడిగితే కాదనే హక్కు నాకు లేదనుకున్నాను." కాస్త ఆగి, "ఇంతసేపు అడుగుతారని అనుకోలేదు," అన్నాడు.

త్రిపుర కూర్చుంది. పరాంకుశం ముఖం చూసినప్పుడు కలిగిన సంతోషం ఒక్క మాటతో ఆమె లోపల్నుంచి ఖాళీ అయిపోయింది.

కంపెనీ కంప్యూటర్లలోంచి ఆ రోజు రాజుకు వచ్చిన తెర నమూనాను తీయించారు. రెండు పేజీలు. మబ్బులు పడకముందే కొండవీడులో తెరలు మార్చారు. మారిన దారి మొదటి పేజీలో, మొదటి వరుసలో వస్తుంది. పైలట్ దాన్ని పైకి చదివి వినిపిస్తే తప్ప అంగీకారం మీట పనిచేయదు. నూట పన్నెండో పేజీలోని వాక్యాన్ని కొట్టేశారు. విచారణను తప్పుదోవ పట్టించినందుకూ, పందొమ్మిది మంది మరణానికి కారకుడైనందుకూ పరాంకుశం మీద కేసు నడిచి తొమ్మిదేళ్లు శిక్ష పడింది. త్రిపురకు మూడేళ్లు పడింది. పరిశోధన చేయకుండా జీవితాంతం నిషేధించారు. ఆమె అప్పీలు చేసుకోలేదు.

జైలుకు విశ్వం నెలకోసారి వచ్చేవాడు. రత్నం ఒక్కసారి వచ్చాడు. రాజు కళ్ల కోసం ఏదైనా చేయగలమేమోనని పాత లెక్కలన్నీ కాగితాల మీద రాసి అతని చేతికిచ్చింది. అతను ప్రయత్నించాడు. ఏమీ కాలేదు.

విడుదలైన రోజున గేటు బయట విశ్వం పక్కన కస్తూరి నిలబడి ఉంది. అంచు లేని సాదా చీర. నమస్కారం పెట్టలేదు.

"కోర్టు మీకు వేసింది మీరు తీర్చుకున్నారు," అంది. "నాది మిగిలుంది. రేడియోలో అన్నీ రావు. నాకు కళ్లు మసకలొచ్చాయి, చదివి పెట్టలేకపోతున్నాను. వారానికి రెండు రోజులు మీరొచ్చి ఆయనకు చదివి పెట్టాలి. ఆయన ఏది అడిగితే అది. ఆయన బతికున్నన్నాళ్లూ. మీరు వచ్చినప్పుడల్లా నేను మీతో మంచిగా మాట్లాడతానని మాత్రం అనుకోకండి."

"వస్తాను," అంది త్రిపుర.

సోమవారం పొద్దున్నే వెళ్లింది. రాజు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మూడేళ్లలో ఆయన బాగా చిక్కిపోయాడు. ఆమె అడుగుల చప్పుడు విని కళ్లు తెరిచాడు, ఎదురుగా కుర్చీ చూపించాడు. పేపరు తెచ్చానని, ఏ వార్త ముందు చదవమంటారని అడిగింది.

"పేపరు తర్వాత," అన్నాడు రాజు. పక్కన స్టూలు మీదున్న పాత నివేదిక తీసి ఆమెకిచ్చాడు. "చివరి పేజీలో పేర్లుంటాయి. పందొమ్మిది. బాగున్న రోజుల్లో ఆ పేజీ తిప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు తిప్పినా కనబడటం లేదు. చదవండమ్మా."

త్రిపుర పేజీ తిప్పింది. మొదలుపెట్టింది. షేక్ మస్తాన్‌బీ, యాభై ఒక్క సంవత్సరాలు. గోగినేని ప్రభాకరం, అరవై రెండు. ఆయన భార్య శకుంతల, యాభై ఎనిమిది. నాగళ్ల ఏసుపాదం, ముప్పై నాలుగు. ఒక్కో పేరు తర్వాత రాజు పెదాలు కదుపుతూ ఆ పేరును లోపల అనుకుంటున్నాడు. ఆయన అనుకునేదాకా ఆగి తర్వాతి పేరు చదివింది. రెండేళ్ల పిల్లవాడి పేరు దగ్గర ఆయన మళ్లీ చదవమన్నాడు, మళ్లీ చదివింది. పదిహేడు మంది ప్రయాణికులు అయిపోయారు. పైలట్ పేరు అయిపోయింది.

పందొమ్మిదో పేరు దగ్గర ఆమె ఆగిపోయింది. కాగితం మీద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. రాజు తొందరపెట్టలేదు. తల వంచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు.

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ కస్తూరి, "చదవండి," అంది.

త్రిపుర చదివింది.